నర్సరీలో రోజూ పళ్లు తోమించే చైల్డ్‌స్మైల్: నల్గొండ నుంచి గ్లాస్గో వచ్చిన ఒక అమ్మ రివ్యూ

స్కాట్లాండ్‌కి చిన్నపిల్లలతో వచ్చే మనవాళ్లకి నర్సరీ సీట్ల గురించి, గంటల గురించి, ఫీజుల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. నర్సరీలో మీ పిల్లల చేత రోజూ పళ్లు తోమిస్తారు, అది ప్రభుత్వమే నడిపిస్తుంది, దానికి మీరు ఒక్క పెన్నీ కూడా కట్టక్కర్లేదు అని మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు, అడ్మిషన్ ఫారాల మధ్యలో ఒక అనుమతి పత్రం కనపడితే అప్పుడు తెలిసింది. ఆ కార్యక్రమం పేరు చైల్డ్‌స్మైల్. మా పాప గ్లాస్గోలో నర్సరీకి వెళ్లినంత కాలం దీన్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను. రేటింగ్ అడిగితే 5కి 4.5 ఇస్తాను. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో కూడా చెప్తాను.

ఇక్కడ 3, 4 ఏళ్ల పిల్లలందరికీ ఏడాదికి 1140 గంటల నర్సరీ ఉచితం, 2021 ఆగస్టు నుంచి అన్ని కౌన్సిళ్లూ (స్థానిక ప్రభుత్వాలు) ఇవ్వాల్సిందే. ఆ నర్సరీలో రోజుకోసారి టీచర్ల కళ్ల ముందు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకోవడం చైల్డ్‌స్మైల్‌లో అన్నిటికంటే పెద్ద భాగం. బ్రష్షులు, పేస్టు ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ నుంచే వస్తాయి. ఇది కాకుండా ఇంట్లో వాడుకోవడానికి బ్రష్షూ పేస్టూ ఉన్న ప్యాకెట్టు అయిదేళ్లు వచ్చేలోపు కనీసం ఆరుసార్లు ఇస్తారు. పాలసీసా మాన్పించడానికి ఏడాది నిండేలోపు ఒక మూత కప్పు కూడా ఇస్తారు. బీద కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో బళ్లలో మొదటి రెండు క్లాసుల పిల్లలకి కూడా ఈ బ్రషింగ్ నడుస్తుంది, అక్కడి పిల్లల పళ్లకి ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ అనే గాఢమైన పూత కూడా రాస్తారు.

పాప కొత్తగా చేరినప్పుడు అలవాటయ్యేదాకా మనల్ని కూడా కాసేపు గదిలో కూర్చోనిస్తారు కదా, అప్పుడు చూశాను అసలు పద్ధతి. టేబుల్ చుట్టూ కొద్దిమంది పిల్లలు కూర్చుంటారు. ప్రతి బ్రష్షు మీదా ఒక బొమ్మ, బ్రష్షుల స్టాండులో ఆ బ్రష్షు పెట్టే చోట కూడా అదే బొమ్మ. మా పాపది తాబేలు. చదవడం రాని పిల్లలు కూడా తమ బ్రష్షు తామే తీసుకుంటారు, పక్కవాళ్లది ముట్టుకోరు. పేస్టు ట్యూబు ఎవరి బ్రష్షుకీ తగలదు. టీచరు ఒక పేపర్ ప్లేటు మీద దూరం దూరంగా బఠాణీ గింజంత పేస్టు పెడుతుంది, ఒక్కొక్కరూ తమ వంతు పేస్టు బ్రష్షుతో అద్దుకుంటారు. మూడేళ్లు రాని పిల్లలకైతే గింజంత కూడా కాదు, బ్రష్షు మీద పలచటి పూత. పాట పెడతారు, పాట అయ్యేదాకా తోముతారు, అయ్యాక టిష్యూలోకి ఉమ్మేస్తారు. నీళ్లతో పుక్కిలించడం లేదు. బ్రష్షులు టీచరే ఒక్కొక్కటిగా కుళాయి కింద కడిగి, నీళ్లు దులిపి, స్టాండులో నిలబెడుతుంది, ఒక దాని కుచ్చు ఇంకోదానికి తగలకుండా. ఎవరి బ్రష్షైనా కింద పడిందంటే కడగడం, తుడవడం ఏమీ లేదు, నేరుగా చెత్తబుట్టలోకే, కొత్తది ఇస్తారు. టర్ముకోసారి ఎలాగూ అన్నీ మారుస్తారు. స్టాండుని వారానికోసారి సబ్బునీళ్లతో కడుగుతారు.

ఇదంతా చూసి నాకు నిజంగా నచ్చింది ఏంటంటే, ఇందులో డాక్టరు లేడు. కుర్చీ లేదు, లైటు లేదు, భయపడి ఏడిచే పిల్లలు లేరు. డెంటల్ హెల్త్ సపోర్ట్ వర్కర్ అని ఒకావిడ వచ్చి టీచర్లకి నేర్పించి వెళ్తుంది, అప్పుడప్పుడు వచ్చి సరిగ్గా జరుగుతుందో లేదో చూస్తుంది, అంతే. మిగతాదంతా రోజూ అన్నం పెట్టే, పడుకోబెట్టే ఆ టీచర్లే చేస్తారు. పిల్లలకి ఇది బొమ్మలేయడం, చేతులు కడుక్కోవడం లాగా దినచర్యలో ఒకటి. ఇంట్లో బ్రష్షు చూస్తే మూతి బిగించుకునే పిల్ల అక్కడ పక్కనున్న పిల్లల్ని చూసి నోరు తెరుస్తుంది. ఈ ఒక్క కారణానికే నేను నాలుగు మార్కులు ఇచ్చేస్తాను.

ఇప్పుడు అనుమతి పత్రం సంగతి. మాది నల్గొండ జిల్లా మునుగోడు వైపు. ఫ్లోరైడ్ అనే మాట వింటే మా ఇళ్లలో ఏం గుర్తొస్తుందో వేరే జిల్లాల వాళ్లకి పూర్తిగా అర్థం కాకపోవచ్చు. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయినవాళ్లని, కాళ్లు వంకర పోయిన పిల్లల్ని, ఇరవై ఏళ్లకే పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నవాళ్లని చూస్తూ పెరిగాం. నీళ్లలోంచి పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టి పిలుస్తుంది. అటు ఆంధ్రలో దర్శి, కనిగిరి వైపు వాళ్లకీ ఈ బాధ తెలుసు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుని గుర్తించి డాక్టర్లు పత్రికలో రాశారు. అలాంటి చోటు నుంచి వచ్చినవాళ్లకి, మీ పిల్లకి రోజూ ఫ్లోరైడ్ పేస్టు వాడతాం, సంతకం పెట్టండి అంటే చెయ్యి ఆగుతుంది. అప్పుడు మా అత్తమ్మ మా దగ్గరే ఉంది. "ఆ ఫ్లోరైడ్ తోనే కద బిడ్డా మనూర్ల పండ్లన్నీ ఖరాబైంది, గీడికొచ్చి మళ్ల గదే పెడ్తర?" అంది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు కావాలి, ఊరికే ఏం కాదులే అంటే సరిపోదు.

జవాబు లెక్కలో ఉంది. పేస్టు మీద 1000 పీపీఎం అని ఉంటే, ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉందని అర్థం. బఠాణీ గింజంత పేస్టు దాదాపు పావు గ్రాము, అంటే అందులో ఉన్నది పావు మిల్లీగ్రాము. పిల్ల అందులో ఎక్కువ భాగం ఉమ్మేస్తుంది. పొరపాటున మొత్తం మింగేసినా లోపలికి పోయేది ఆ పావు మిల్లీగ్రామే. ఇక మన వైపు నీళ్లు చూడండి: తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అదే లీటరుకి 5 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజూ రెండు లీటర్లు తాగితే 10 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతాయి, అవే నీళ్లతో వండిన అన్నం, పప్పు, టీ లెక్క వేరే. అదీ పుట్టినప్పటి నుంచి, పళ్లు, ఎముకలు తయారవుతున్న వయసంతా, ఏళ్ల తరబడి. గ్లాస్గోలో కుళాయిలో వచ్చేది లాక్ కాట్రిన్ అనే చెరువు నీళ్లు, అందులో ఫ్లోరైడ్ దాదాపు లేనట్టే, ఎవరూ కలపరు కూడా. కాబట్టి మా ఊళ్లో జరిగిన దానికీ ఈ ప్లేటు మీది చుక్కకీ పోలిక లేదు. ఫ్లోరైడ్ పేస్టు పని చేసేది కడుపులో కాదు, పన్ను పైన. చక్కెర తిన్న క్రిములు ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పన్ను మీది గట్టి పొరలోంచి ఖనిజాలని కరిగిస్తుంది. లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే అవి మళ్లీ పన్నులోకి చేరతాయి. ఇదే సంగతి అత్తమ్మకి ఆమె మాటల్లోనే చెప్పాను, ప్లేటు మీద ఎంత పెడతారో వేలితో చూపించాను. సంతకం పెట్టాం.

అలాగని ఎంతైనా వాడొచ్చని కాదు. చిన్నపిల్లలు రోజూ ఎక్కువెక్కువ పేస్టు మింగితే తర్వాత వచ్చే శాశ్వత పళ్ల మీద తెల్ల మచ్చలు రావచ్చు. అందుకే ట్యూబు పిల్లల చేతికివ్వరు, కొలత పెద్దవాళ్లే పెడతారు. టీవీ ప్రకటనల్లో బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలాగా పేస్టు వేస్తారు చూడండి, అది చిన్నపిల్లలకి అస్సలు పనికిరాదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పండ్ల రుచి ఉన్న పిల్లల పేస్టులు తెచ్చుకునేవాళ్లు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. వాటిలో కొన్నిటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కొన్నిటిలో 500 పీపీఎం లోపే ఉంటుంది. ఇక్కడ నర్సరీలో వాడేది కనీసం 1000.

ఉమ్మాలి, పుక్కిలించకూడదు అనే నియమం దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మనం పళ్లు తోముకున్నాక నీళ్లు పోసుకుని పుక్కిలించి, గొంతు కూడా గరగరలాడించి, నాలుక గీసుకుని, మొహం కడుక్కుంటే గానీ తృప్తి ఉండదు. నోట్లో పేస్టు రుచి మిగిలి ఉంటే అంటు మిగిలినట్టు అనిపిస్తుంది. కానీ నీళ్లతో కడిగేస్తే పన్ను మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కూడా పోతుంది, తోమిన ఫలితం సగం పోయినట్టే. నర్సరీలో అలవాటైన మా పాప ఇంట్లో వాళ్ల నాన్న పుక్కిలిస్తుంటే పక్కన నిలబడి వద్దు నాన్నా, ఉమ్మెయ్ చాలు అని చెప్పేది. వాళ్ల నాన్న మానేశాడు. అత్తమ్మ మానలేదు, నేను బలవంతం చెయ్యలేదు.

అత్తమ్మదే ఇంకో మాట, ఇది అందరి ఇళ్లలో వినపడేదే: "పాల పండ్లే కద, ఎట్లైనా ఊడిపొయ్యేటియే." ఊడిపోతాయి, నిజమే. కానీ వెనక దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి మూడేళ్లకే పిప్పి పడితే మిగిలిన ఏళ్లన్నీ నొప్పితోనే గడవాలి, లేదా పీకించాలి, పీకిస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి కింద నుంచి వచ్చే శాశ్వత పన్నుకి దారి ఉండదు. మూడు నాలుగేళ్ల పిల్లకి పళ్లు పీకాలంటే కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యలేరు, చాలాసార్లు ఆసుపత్రిలో పూర్తి మత్తు ఇవ్వాలి. పక్కనున్న ఇంగ్లండ్‌లో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు ఆసుపత్రిలో చేరే కారణాల్లో మొదటిది పుచ్చుపళ్లే. పన్ను నొప్పి ఉన్న పిల్ల నొప్పి అని చెప్పదు, అన్నం వద్దంటుంది, రాత్రి లేచి ఏడుస్తుంది, నర్సరీలో పక్కపిల్లని కొడుతుంది. మనం మొండితనం అనుకుంటాం.

తిండి విషయంలో కూడా నర్సరీ నుంచి నేర్చుకున్నది చాలా ఉంది. అక్కడ తాగడానికి మామూలు పాలు, మంచినీళ్లు తప్ప ఇంకేం ఇవ్వరు. జ్యూస్ లేదు. రెండు గంటలు, అంతకు మించి ఉండే పిల్లలకి పాలు, ఒక పండో కూరగాయ ముక్కో ప్రభుత్వ పథకం కింద ఇస్తారు. నాకు ఆశ్చర్యం వేసింది కిస్మిస్ విషయంలో. మనం బిస్కెట్ బదులు ఆరోగ్యం అనుకుని పెట్టే ఎండుద్రాక్ష, ఖర్జూరం ఇక్కడ స్నాక్స్‌గా ఇవ్వొద్దని నియమం, పెడితే భోజనంతో పాటే పెట్టాలి. ఎందుకంటే అవి పళ్ల సందుల్లో అతుక్కుని చాలాసేపు ఉంటాయి, వాటిలో చక్కెర చాలా ఎక్కువ. దీన్ని బట్టి మన బెల్లం పల్లీ పట్టీలు, నువ్వుల లడ్డూలు ఎప్పుడు పెట్టాలో నాకు తెలిసింది. మానిపించలేదు, అన్నం తిన్న వెంటనే పెడుతున్నాను. ఎంత చక్కెర తిన్నది అనేదాని కంటే రోజులో ఎన్నిసార్లు తిన్నది అనేది ముఖ్యం, ఎందుకంటే తిన్న ప్రతిసారీ ఆమ్లం దాడి కొత్తగా మొదలవుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా బిస్కెట్లు నమిలే పిల్ల పళ్లకి విశ్రాంతి ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది రాత్రి పాలు. పడుకునే ముందు చక్కెరో, హార్లిక్సో, బూస్టో కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలు మన ఇళ్లలో చాలామంది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, ఆ తీపి పై ముందు పళ్ల చుట్టూ రాత్రంతా నిలిచిపోతుంది. ముందు పళ్లు నాలుగూ నల్లబడి అరిగిపోయిన పిల్లల్ని మీరూ చూసే ఉంటారు, చాలావరకు అది ఇదే. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేం వద్దు. దీన్ని నర్సరీ చెయ్యలేదు, ఇంట్లోనే జరగాలి. నర్సరీలో ఒకసారి తోమారు కదా అని ఇంట్లో మానేస్తే చైల్డ్‌స్మైల్ ఏం చెయ్యగలదు? పొద్దున తోమే సంగతి ఎలా ఉన్నా రాత్రి పడుకునే ముందు తోమడం మన బాధ్యత, అదీ ఏడేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి, పిల్లల చేతికి ఆ పట్టు ఉండదు.

వార్నిష్ గురించి క్లుప్తంగా. మా నర్సరీ ఉన్న ప్రాంతంలో ఇచ్చేవారు. చిన్న బ్రష్షుతో పళ్ల మీద పసుపురంగు బంక లాంటిది రాస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. ఇది పేస్టు కంటే చాలా గాఢం, 22,600 పీపీఎం, కానీ రాసేది చుక్కంత. ఫారంలో ఆస్తమాతో ఆసుపత్రిలో చేరిందా, బ్యాండేజీ ప్లాస్టర్లు పడవా అని అడుగుతారు. ప్లాస్టర్లకి, వార్నిష్‌కి ఏం సంబంధం అనుకోకండి, రెండిట్లోనూ వాడే ఒక రకం చెట్టు బంక కొందరికి పడదు, అందుకని అడుగుతారు. నిజం రాయండి. ఆ రోజు పళ్లు కాస్త పసుపుగా కనపడతాయి, గట్టివి పెట్టకుండా పెరుగన్నం పెడితే సరిపోతుంది, ఆ రాత్రికి తోమక్కర్లేదు. మర్నాటి నుంచి మామూలే.

ఇంత చిన్న పనికి ఫలితం ఉందా అని అడిగితే, ఉంది, అంకెలతో సహా ఉంది. స్కాట్లాండ్ పిల్లల పళ్లు ఒకప్పుడు చాలా అధ్వానంగా ఉండేవి. నీళ్లలో కొద్దిగా ఫ్లోరైడ్ కలుపుదామని గ్లాస్గో ప్రాంతపు కౌన్సిల్ అనుకుంటే కట్టుడు పళ్లున్న ఒక పెద్దావిడ కోర్టుకెళ్లింది. 1983లో తీర్పిచ్చిన జడ్జి, ఆరోగ్యానికి హాని అన్న వాదనని ఒప్పుకోలేదు కానీ, చట్టం ప్రకారం ఆ అధికారం కౌన్సిల్‌కి లేదన్నాడు. అక్కడ నీళ్లలో కలపడం జరగలేదు. అప్పుడు బ్రష్షు దారి పట్టారు. డండీ నగరంలో బళ్లలో రోజూ తోమించి చూస్తే పుచ్చుపళ్లు బాగా తగ్గాయి. 2006లో చైల్డ్‌స్మైల్ మొదలైంది, 2011కల్లా దేశమంతా ఒకే కార్యక్రమం అయింది. 2003లో మొదటి తరగతి పిల్లల్లో పుచ్చు కనపడని వాళ్లు నూటికి 45 మంది. 2020కి 74 మంది. ఖర్చు కూడా లెక్కేశారు: 2011-12లో నర్సరీ బ్రషింగ్‌కి అయిన ఖర్చు సుమారు 17 లక్షల 60 వేల పౌండ్లు. అదే అయిదేళ్ల పిల్లల పళ్ల వైద్యానికి అయ్యే ఖర్చు 2001-02లో సుమారు 88 లక్షల పౌండ్లుంటే 2009-10కి సుమారు 40 లక్షలకి దిగింది. అంటే పెట్టిన దానికి రెట్టింపు పైనే మిగిలింది. నొప్పి తప్పిన పిల్లల రాత్రులు ఈ లెక్కలో లేవు.

బీద, గొప్ప తేడా పూర్తిగా పోలేదు, అది కూడా చెప్పాలి. కలిగినవాళ్ల ప్రాంతాల్లో పళ్లు బాగున్న పిల్లలు నూటికి 85 దాటితే, బాగా బీద ప్రాంతాల్లో 60 దగ్గరే ఉన్నారు. అయినా అందరికీ ఇస్తూ, అవసరం ఎక్కువ ఉన్నచోట ఇంకాస్త ఎక్కువ ఇవ్వడం అనే పద్ధతి నాకు నచ్చింది. నర్సరీ టేబుల్ దగ్గర ఎవరి పిల్ల ఏ ఇంటి నుంచి వచ్చిందో కనపడదు, అందరి ముందూ అదే చుక్క.

ఇక తగ్గిన అర మార్కు. కార్యక్రమం ఎంత బాగున్నా నడిపేది నర్సరీ. మా పాప ముందు చేరిన నర్సరీ పేరు రాయను. అక్కడ చలికాలంలో టీచర్లు తక్కువై బ్రషింగ్ కొన్ని వారాలు ఆపేశారు, మాకు ఒక్క ముక్క చెప్పలేదు. పాపే ఇవాళ కూడా తాబేలు బ్రష్షు ఇవ్వలేదు అని చెప్తే తెలిసింది. అడిగితే మేనేజరు మర్యాదగానే మాట్లాడింది, మళ్లీ మొదలుపెట్టారు, నేను కోరినట్టు తలుపు దగ్గర రోజువారీ చార్టు కూడా పెట్టారు. కానీ అడగకపోతే? మధ్యాహ్నం నిద్ర ఎంతసేపు పోయింది, అన్నం ఎంత తిన్నది యాప్‌లో పంపేవాళ్లు పళ్లు తోమారా లేదా ఎందుకు పంపరు? అదే నర్సరీలో పుట్టినరోజులకి పిల్లల సంచుల్లో జెల్లీ మిఠాయిలు పెట్టి పంపేవాళ్లు. లోపల జ్యూస్ కూడా ఇవ్వని నియమం ఉన్నప్పుడు గేటు దగ్గర మిఠాయిల సంచి ఇవ్వడం నాకు అస్సలు నచ్చలేదు. తర్వాత ఇల్లు మారి చేరిన నర్సరీలో పుట్టినరోజు పిల్లకి కాగితపు కిరీటం పెట్టి, తనకి నచ్చిన ఆట అందరితో ఆడిస్తారు. పిల్లలు మిఠాయిలు అడిగింది నేను చూడలేదు.

డెంటిస్టు దగ్గర పేరు నమోదు చేయించడం మర్చిపోవద్దు, నర్సరీ బ్రషింగ్ దానికి బదులు కాదు. స్కాట్లాండ్‌లో 26 ఏళ్లలోపు వాళ్లకి ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల వైద్యం ఉచితం. కొత్తవాళ్లని తీసుకునే క్లినిక్ దొరకడం కొన్నిచోట్ల కష్టంగా ఉంది కాబట్టి పాప పుట్టగానే వెతకడం మొదలుపెట్టండి, దొరక్కపోతే చిన్నపిల్లల్ని చూడ్డానికి ఇంటికొచ్చే నర్సు, అంటే హెల్త్ విజిటర్‌కి చెప్పండి.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు కొంచెం జాగ్రత్తగా కనుక్కోవాలి. అక్కడ ఇలా దేశమంతా లేదు, 2025లో 3 నుంచి 5 ఏళ్ల పిల్లల కోసం బీద ప్రాంతాల్లో మొదలుపెట్టడానికి ప్రభుత్వం నిధులిచ్చింది, మీ నర్సరీ అందులో ఉందో లేదో అడగాలి. వేల్స్‌లో డిజైన్డ్ టు స్మైల్ అని ఇలాంటిదే చాలా ఏళ్లుగా ఉంది.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి ఇదంతా విని తన కొడుకు ప్లేస్కూల్‌లో అడిగింది. వాళ్లు కాదనలేదు కానీ వాష్‌బేసిన్ ఒక్కటే ఉంది మేడమ్, అంతమంది పిల్లలు ఎలా అన్నారట. బేసిన్ అక్కర్లేదు, టేబుల్, టిష్యూ, ప్లేటు ఉంటే చాలు అని నేను ఫోటోలతో సహా పంపాను. మన అంగన్‌వాడీల్లో కూడా 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు రోజూ వస్తారు, అక్కడే అన్నం తింటారు, గుడ్డు తింటారు, చేతులు కడిగించే టీచరు, ఆయా ఇద్దరూ ఉంటారు. బ్రష్షులు, మూత ఉన్న ఒక స్టాండు, పేస్టు, కొలత నేర్పించే ఒక పూట శిక్షణ, అంతకంటే ఖర్చు లేదు. ఒక్క షరతు: నీళ్లలో ఇప్పటికే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ముందు నీళ్లు పరీక్ష చేయించి, పేస్టు సంగతి అక్కడి పళ్ల డాక్టరు చెప్పినట్టు చెయ్యాలి. మా మండలం లాంటి చోట్ల ఇది తప్పనిసరి.

ఇక్కడ నర్సరీ చూడ్డానికి వెళ్లేవాళ్లు గదులు, బొమ్మలు చూశాక బ్రష్షుల స్టాండు చూపించమని అడగండి. మూత ఉందా, బ్రష్షులు ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయా, ప్రతిదానికీ గుర్తు ఉందా చూడండి. రోజులో ఏ టైమ్‌కి తోమిస్తారు అని అక్కడున్న టీచర్ని అడగండి. భోజనం తర్వాతే కావాలని లేదు, ఏ టైమైనా పర్లేదు, కానీ ఒక టైమంటూ ఉండాలి. తడుముకోకుండా చెప్పి, స్టాండు ఉన్నచోటికి మిమ్మల్ని తీసుకెళ్తే అక్కడ రోజూ జరుగుతున్నట్టే. ఆఫీసులోకి వెళ్లి ఫైలు వెతకడం మొదలుపెడితే ఇంకో నర్సరీ కూడా చూసి రండి.